ఎనిమిది రూపాయల లెక్క

2022 జూన్ మొదటివారం. బోధన్‌లో ఒక బ్యాంకు. పాస్‌బుక్కులో ప్రింటు వేయించుకుని పక్కకొచ్చిన ఓ పెద్దాయన కళ్లజోడు సవరించుకుని ఒక్కో పద్దూ చదువుతున్నాడు. ఒకచోట వేలు ఆగింది. ఏటా మే నెలాఖరులో ఆయన ఖాతాలోంచి 12 రూపాయలు పోయేవి. ఈసారి 20 పోయాయి. మళ్లీ కౌంటరు దగ్గరికి వెళ్లాడు.

''సార్, గిది పన్నెండు గదా. ఇర్వై ఎందుకు గోసిండ్రు?''

''ప్రీమియం పెరిగింది పెద్దాయనా.''

''పెరిగింది సరే... ఎందుకు పెరిగింది?''

వెనక లైన్లో ఎవరో నవ్వారు. ''ఎనిమిది రూపాయలే గద'' అన్నారు ఇంకెవరో.

ఎనిమిది రూపాయలు ఆయనకూ లెక్క కాదు. కానీ 'ఎందుకు' అన్నది మాత్రం లెక్కే. ముప్ఫై నాలుగేళ్లపాటు శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేసిన మనిషి మరి. చెరుకురసం చిక్కదనం చూడటం, ఇన్ని టన్నులు ఆడితే ఇంత చక్కెర దిగిందని రిజిస్టర్లో రాయడం... అదే పని. రికవరీ అర శాతం తగ్గినా దేనివల్ల తగ్గిందో తేలేదాకా అక్కడ ఎవరూ ఊరుకునేవారు కాదు. 'తగ్గింది' అని రాసి సంతకం పెడితే సరిపోయేది కాదు.

నిజానికి ఆ ఎనిమిది రూపాయలకు జవాబు చాలా సూటిగా ఉంది. ఆ పథకం పేరు ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన. 2015లో మొదలైంది. ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు ఇస్తారు. 2022 మార్చి నెలాఖరు వరకూ దీనికింద వసూలైన ప్రీమియం 1,134 కోట్ల రూపాయలు. చెల్లించిన క్లెయిములేమో 2,513 కోట్లు! రూపాయి వస్తే రెండు రూపాయల పైచిలుకు పోయిందన్నమాట. దీనికి జోడీగా వచ్చిన జీవన్‌జ్యోతి బీమాలోనూ అంతే. 9,737 కోట్లు వస్తే 14,144 కోట్లు పోయాయి. అందుకే 2022 జూన్ 1 నుంచి మొదటిది 12 నుంచి 20 రూపాయలకూ, రెండోది 330 నుంచి 436కూ చేరాయి. ఏడేళ్లలో అదే తొలి పెంపు. కుండలో పోసినదానికన్నా తోడుకున్నది ఎక్కువైంది. అంతే.

ఈ లెక్క తెలిశాక ఆయన స్థిమితపడ్డాడు. కొరుకుడుపడనిది రెండేళ్ల తర్వాత వచ్చిన ఇంకో కాగితం.

2024 అక్టోబరు. ఆయనకూ భార్యకూ కలిపి ఉన్న 5 లక్షల ఆరోగ్యబీమా పాలసీని రెన్యువల్ చేయించుకోవాలంటూ కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. కిందటేడు 36 వేల చిల్లర కట్టాడు. ఈసారి కట్టాల్సింది 51 వేలు. ఆయనకొచ్చే పీఎఫ్ పెన్షను నెలకు 2,300. ఏడాది పెన్షనంతా తెచ్చి పోసినా ప్రీమియంలో సగం దాటి కొంచెం ముందుకు పోతుందంతే.

''ఐదేండ్లల్ల ఒక్క రూపాయి క్లెయిమ్ చెయ్యలే. ఒక్కనాడు దవఖాన్ల పండలే. మరి మాకెందుకు పెంచిండ్రు?'' అన్నది ఆయన ప్రశ్న. ఆరోగ్యబీమా ఉన్న ప్రతి ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు వినిపించే ప్రశ్నే ఇది. తాము ఏ తప్పూ చేయకుండా జరిమానా కడుతున్నామన్న బాధ అందులో ఉంటుంది.

చెరుకు చెప్పిన పాఠం

శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ నిజాం జమానాలో, 1937లో పుట్టింది. ఒకప్పుడు ఆసియాలోకెల్లా పెద్దదని పేరు. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి వెళ్లింది. 2015 డిసెంబరులో మూతపడింది. అప్పటికి ఆయన వయసు 56. రిటైర్మెంటుకు దగ్గరలో ఉన్నవాడు, కొత్త పని నేర్చుకోవడానికి దూరమైపోయినవాడు. అదృష్టం బాగుండి కొడుకు అప్పటికే హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉన్నాడు. ఆ కంపెనీ గ్రూపు పాలసీలో ఉద్యోగుల అమ్మానాన్నలకూ చోటుండేది. కొడుకు జీతంలోంచి నెలనెలా కొంత పోయేది. అంతేగానీ మీ వయసెంత, బీపీ ఉందా, షుగర్ ఉందా అని పెద్దాయనను అడిగినవారు లేరు. షుగర్ ఉంది. ముప్ఫై నాలుగేళ్లు చక్కెర కొలిచిన మనిషికి చివరికి చక్కెర జబ్బే రావడం విధి వేళాకోళం అనుకోవాలి.

2019లో కొడుకు కంపెనీ మారాడు. కొత్త కంపెనీ పాలసీలో భార్యాపిల్లలకే చోటు. తెల్లరేషన్ కార్డు లేదు కాబట్టి ఆరోగ్యశ్రీ కూడా లేదు. అరవయ్యో ఏట సొంతంగా పాలసీ తీసుకోవాల్సి వచ్చింది. రక్తపరీక్షలు చేశారు. షుగర్ ఉన్నందుకు అదనంగా కొంత వేశారు. దానికి సంబంధించిన చికిత్సలకు నాలుగేళ్లు ఆగాలన్నారు. భార్యాభర్తలు ఇద్దరూ నిన్నమొన్నటి మనుషులే. వాళ్ల రక్తంలో చక్కెర కూడా నిన్నటిదే. మారిందల్లా వాళ్లు కూర్చున్న గుంపు.

ఈ సంగతి ఆయనకు అర్థమయ్యేలా చెప్పింది బీమా ఏజెంటు. పాత సహోద్యోగి కొడుకే. ఉత్తరం పట్టుకుని ఆయన నిలదీస్తే, ఆ కుర్రాడు బీమా మాట పక్కనపెట్టి చెరుకు ఎత్తుకున్నాడు.

''కాకా, నువ్వే చెప్పు. రైతు చెరుకు తెస్తే పైసలు దేన్ని బట్టి ఇచ్చేటోళ్లు?''

''తూకాన్ని బట్టి.''

''మంచి తీపి చెరుకు తెచ్చినోనికి ఎక్కువ, నీళ్ల చెరుకు తెచ్చినోనికి తక్కువ ఇచ్చిండ్రా?''

''ఎట్ల ఇస్తరు? ఎవని చెరుకు వానికి వేరే ఆడరు గద. అందరిదీ ఒక్కదాంట్లనే పోతది. ఫ్యాక్టరీ మొత్తం మీద రికవరీ ఎంతొస్తే అంత.''

''మరి మంచి చెరుకు రైతులందరూ ఇంకో ఫ్యాక్టరీకి పోయిండ్రనుకో?''

పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. ''సగటు పడిపోతది'' అన్నాడు చివరికి.

చెరుకు ధర నిజంగానే అలా నడుస్తుంది. 2024-25 సీజనుకు కేంద్రం ప్రకటించిన ధర క్వింటాలుకు 340 రూపాయలు. అది 10.25 శాతం రికవరీకి. ఆ రికవరీని ఒక్కో రైతు బండికి కొలవరు, ఫ్యాక్టరీ మొత్తానికీ కలిపి చూస్తారు. బీమాలోనూ అంతే. పాలసీదారు ఒక్కడి ఆరోగ్యం చూసి ఏటా ప్రీమియం మార్చరు. ఆ పాలసీ తీసుకున్నవాళ్లందరికీ కలిపి ఎంత వచ్చింది, ఎంత పోయింది అని చూస్తారు. అందులోనూ వయసుల వారీగా మెట్లు కడతారు. ఒక మెట్టు మీద ఉన్నంతకాలం పెద్దగా కదలిక ఉండదు. దాటితే ఒక్కసారిగా ఎగురుతుంది. ఆయన 2024లో దాటింది అలాంటి మెట్టే. 65 నిండాయి.

కొడుకు కంపెనీ గుంపులో పాతికేళ్ల కుర్రాళ్లు వేలమంది. ఆస్పత్రి ముఖం చూడనివాళ్లే ఎక్కువ. వాళ్ల డబ్బు పెద్దవాళ్ల చికిత్సకు పనికొచ్చేది. ఇప్పుడున్న గుంపులో అందరూ ఆయన ఈడువాళ్లే. ఇవాళ కాకపోతే రేపు అందరికీ డాక్టరుతో పని పడుతుంది. పోనీ ఈ గుంపైనా స్థిరంగా ఉంటుందా? ప్రీమియం పెరిగేసరికి 'నాకేం రోగం' అనుకునే గట్టివాళ్లు పాలసీ వదిలేస్తారు. జబ్బున్నవాళ్లు అప్పు చేసైనా కడతారు. మంచి చెరుకు వెళ్లిపోయినట్టే. మిగిలినవాళ్ల సగటు ఖర్చు ఇంకా పెరుగుతుంది. దాంతో ప్రీమియం మళ్లీ పెరుగుతుంది. మళ్లీ కొందరు వెళ్లిపోతారు.

గుంపు ఒక్కటే కాదు, ఆస్పత్రి కూడా మారింది. ఒకప్పుడు నిజామాబాద్ ఖలీల్‌వాడిలో డాక్టరు నాడి పట్టి, మందులు రాసి పంపిన నొప్పికి ఇప్పుడు స్కానింగు, యాంజియోగ్రామ్, రెండ్రోజుల ఐసీయూ. బతికే అవకాశం పెరిగింది, నిజం. బిల్లూ పెరిగింది. రోబోటిక్ సర్జరీ, స్టెమ్‌సెల్ వంటి 12 రకాల ఆధునిక చికిత్సలను బీమాలోంచి తప్పించకూడదని నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆదేశించింది. పాత పాలసీలకూ 2020 అక్టోబరు నుంచి అది వర్తించింది. ముందునుంచీ ఉన్న జబ్బులకు ఆగాల్సిన గడువును నాలుగేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గించింది 2024లో. ఎంత వయసువాళ్లకైనా పాలసీ అమ్మవచ్చంది. అన్నీ జనానికి మేలుచేసేవే. కాకపోతే ఆ మేలు ఖరీదు కూడా చివరికి పాలసీదారులే పంచుకోవాలి. నిబంధన వచ్చినప్పుడు పేపర్లో చదివి సంతోషించినవాళ్లే రెన్యువల్ నాడు కంగుతినేది ఇందుకే.

దీనిమీద 18 శాతం జీఎస్టీ. ఆయన కట్టాల్సిన 51 వేలల్లో దాదాపు 7,800 అదే. ఇక ఏజెంటు కమీషన్ మాటేమిటి అని అడిగితే కుర్రాడు నవ్వేశాడు. ''అది కూడా దీంట్లనే ఉంది కాకా'' అన్నాడు. అంత నిజాయతీగా నవ్వే ఏజెంట్లు తక్కువ.

బామ్మర్ది లారీ

దసరాకు ఇంటికొచ్చిన బామ్మర్దిది ఇంకో గోడు. పది టైర్ల లారీ ఆయనది. ఒకప్పుడు సీజన్లో చెరుకు తోలాడు. ఇప్పుడు ధాన్యం, పసుపు. పద్నాలుగేళ్లుగా చిన్న గీత కూడా పడనివ్వలేదని గర్వం.

''నీదైతే వయసు పెరిగింది బావా, ఒప్పుకుంటం. నాకేం పెరిగింది? బండి పాతదైతాంటే ప్రీమియం కొత్తదైతాంది!''

లారీ బీమాలో రెండు భాగాలుంటాయి. ఒకటి సొంత బండికి జరిగే నష్టానికి. ప్రమాదాలు చేయని యజమానికి ఇందులో ఏటా రాయితీ పెరుగుతూ 50 శాతం దాకా వెళుతుంది. బండి విలువ తగ్గేకొద్దీ ఈ భాగమూ తగ్గుతుంది. రెండోది థర్డ్‌పార్టీ... అంటే ఆ బండి వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికి. చట్టప్రకారం ఇది లేకుండా బండి రోడ్డెక్కకూడదు. ఎంత జాగ్రత్తగా నడిపినా ఇందులో రాయితీ లేదు. దేశంలో ఆ బరువు లారీలన్నీ ఒకే గుంపు. 2022 జూన్ 1 నుంచి 20 టన్నులు దాటి 40 టన్నుల లోపు సరకు లారీకి థర్డ్‌పార్టీ ప్రీమియం 43,950 రూపాయలు. బోధన్ లారీ అయినా, బొంబాయి లారీ అయినా.

ఈ పెంపు మీద గొడవలు తక్కువేం జరగలేదు. 2017 మార్చి 30 నుంచి దక్షిణాది రాష్ట్రాల లారీలు ఆగిపోయాయి. 2018 జులైలో దేశమంతటా ఎనిమిది రోజులు. బామ్మర్ది రెండుసార్లూ బండి ఆపాడు. బీమా రేట్లు చూసే సంస్థ ఆఫీసు మన హైదరాబాద్‌లోనే ఉన్నా, తన మొర అంతదాకా పోలేదంటాడు.

ఎందుకు పెరుగుతుందో తెలియాలంటే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో వేసే లెక్క చూడాలి. ముప్ఫై ఏళ్ల తాపీమేస్త్రీ లారీ కింద పడి చనిపోయాడనుకుందాం. నెలకు 15 వేలు సంపాదించేవాడు. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి అతనిమీదే ఆధారపడి ఉన్నారు. ఏడాది సంపాదన లక్షా 80 వేలు. అందులో నాలుగోవంతు అతని సొంతఖర్చుకింద తీసేస్తారు. మిగిలిన లక్షా 35 వేలను వయసునుబట్టి 17తో హెచ్చవేస్తారు. 2009లో సరళావర్మ కేసులో సుప్రీంకోర్టు ఖాయం చేసిన పట్టిక ఇది. వచ్చేది 22 లక్షల 95 వేలు. 2017 అక్టోబరులో ప్రణయ్ సేథీ కేసులో అదే కోర్టు ఇంకో మాట చెప్పింది. బతికుంటే అతని సంపాదన పెరిగేది కదా, నలభై ఏళ్లలోపు సొంత పని చేసుకునేవారికి ఆదాయం మీద 40 శాతం కలపాలి అని. ఇప్పుడదే మేస్త్రీ కుటుంబానికి లెక్క 32 లక్షల 13 వేలు. ఇతర ఖర్చులు వేరే. మనిషి అదే, ప్రమాదమూ అదే. పరిహారం తొమ్మిది లక్షలు పెరిగింది. దానికి పైపరిమితి కూడా లేదు. ఆ తొమ్మిది లక్షలూ వచ్చేది దేశంలోని లారీల జేబుల్లోంచే.

''మరి నా లారీ కింద ఎవ్వడూ పడలే గద'' అన్నాడు బామ్మర్ది.

పెద్దాయన వెంటనే ఏమీ అనలేదు. వాళ్ల వీధి చివరి ఇంట్లో అచ్చం అలాంటి మేస్త్రీ ఒకడుండేవాడు. ఎడపల్లి దాటాక రోడ్డు మీద పోయాడు. ఏళ్ల తరబడి నిజామాబాద్ కోర్టుకు తిరిగాక అతని భార్యకు డబ్బు చేతికందింది. ఆ వడ్డీతోనే పిల్ల నర్సింగ్ చదువుతోంది. ''గా పైసలు ఎవనివో అనుకున్న ఇన్నొద్దులు... నీయి గూడ ఉన్నయన్నట్టు'' అన్నాడు కాస్త ఆగి. బామ్మర్ది ఆ మాటకు సంతోషించాడో లేదో చెప్పడం కష్టం. టీ గ్లాసు మాత్రం చల్లారిపోయేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

ఈ మధ్య పెద్దాయనకు ఇంటా బయటా ఎటు చూసినా గుంపులే కనిపిస్తున్నాయి. పక్కింటి కుర్రాడు దుబాయ్ పోతూ తీసుకున్న ప్రవాసీ భారతీయ బీమా చూడండి. ప్రమాదంలో పోతే 10 లక్షలు. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలే! కూలిపనుల కోసం గల్ఫ్ వెళ్లేవాళ్లకు అది తప్పనిసరి. గుంపు పెద్దది, ఎక్కువమంది పడుచువాళ్లు. పైగా జబ్బుతో పోతే ఇవ్వరు, ప్రమాదానికే. అందుకే అంత చవక. ఊళ్లో తమ్ముడికి రైతుబీమా ఉండేది. 2018 ఆగస్టులో మొదలైన ఆ పథకంలో రైతు ఏ కారణంతో చనిపోయినా ఇంటివాళ్లకు 5 లక్షలు. ప్రీమియం ప్రభుత్వానిదే. మొదటి ఏడాది రైతుకు 2,271 రూపాయల 50 పైసల చొప్పున ఎల్‌ఐసీకి కట్టింది. చావుల లెక్క తేలేకొద్దీ తర్వాతి ఏళ్లలో అది మూడు వేలు దాటిపోయింది. అయితే అది 59 ఏళ్ల వరకే. 2024లో తమ్ముడికి అరవై వచ్చాయి, పేరు పోయింది. అంతకుముందు రోజుకీ ఆ రోజుకీ ఆ మనిషిలో వచ్చిన తేడా ఏమీ లేదు. అదే పొలం, అదే మోకాలినొప్పి.

రెన్యువల్ గడువు ఇంకో నాలుగు రోజులుందనగా, రాత్రి అన్నాలయ్యాక భార్య అంది... ''నా పేరు తీసేయుండ్రి. షుగర్ ఉన్నది మీకు. మీకొక్కరికే ఉంటే సాలు. నాకేమైతది?''

ఈ మాట చాలా ఇళ్లలో వినిపిస్తుంది. దాదాపు ప్రతిచోటా ఆడవాళ్ల నోటివెంటే వస్తుంది. ప్రీమియం భారమై పేరు కొట్టేయాల్సి వస్తే ముందు కొట్టేసుకునేది వాళ్లే.

ఆయన మర్నాడు ఏజెంటును పిలిచి అడిగాడు, ఆమె పేరు తీస్తే ఎంత తగ్గుతుందని. ఇద్దరికీ కలిపి ఇచ్చే పాలసీలో ప్రీమియం ప్రధానంగా పెద్దవారి వయసునుబట్టే ఉంటుంది. కాబట్టి ఆమెను తీసేసినా సగం తగ్గదు. పైగా ఒకసారి బయటికొచ్చి, మళ్లీ రెండేళ్ల తర్వాత కావాలంటే కొత్త గిరాకీ కిందే లెక్క. పరీక్షలు, గడువులు మళ్లీ మొదటినుంచి. ''తియ్యను'' అన్నాడు. ఇంకేం దారి ఉందని అడిగాడు. ప్రతి బిల్లులో 20 శాతం తామే పెట్టుకునేలా మార్చుకుంటే ప్రీమియం 42 వేలకు దిగుతుందన్నాడు కుర్రాడు. 2 లక్షల బిల్లయితే 40 వేలు చేతిది పడుతుంది. పాత అలవాటు కొద్దీ నోటుబుక్కులో రెండు గడులు గీసి లెక్కేశాడు. ఇప్పుడు ఖాయంగా పోయే తొమ్మిది వేలా, ఎప్పుడో పోతాయో పోవో తెలియని నలభై వేలా? రెండోదానికే ఒప్పుకున్నాడు. చాలని డబ్బు భార్య చీటీ ఎత్తగా వచ్చింది.

2025 జనవరి 30న ఐఆర్‌డీఏఐ ఒక ఉత్తర్వు ఇచ్చింది. అరవై దాటినవాళ్ల ఆరోగ్యబీమా ప్రీమియాన్ని తమను సంప్రదించకుండా ఏడాదికి 10 శాతం మించి పెంచరాదని. అదే ఏడాది సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమాల మీద జీఎస్టీ పూర్తిగా తీసేశారు. అక్టోబరులో మళ్లీ ఉత్తరం వచ్చింది. 39 వేలకు కొంచెం తక్కువ. కిందటేటికన్నా మూడు వేలు తగ్గిందని కొడుకు ఫోన్లో సంతోషించాడు. పెద్దాయన మాత్రం నోటుబుక్కు తీశాడు. పోయినేడు పన్ను తీసేస్తే అసలు ప్రీమియం 35,600. అంటే అసలు తొమ్మిది శాతం పైనే పెరిగింది, పన్ను పోయింది కాబట్టి మొత్తం తగ్గినట్టుంది. పన్ను ఒక్కసారే పోతుంది. వచ్చే ఏడాది తీసేయడానికి ఏమీ ఉండదు. ఈ మాట కొడుక్కి చెప్పలేదు. దూరాన ఉన్నవాడి సంతోషం ఎందుకు చెడగొట్టాలనుకున్నాడేమో!

డబ్బు కట్టిన రెండో రోజు కొత్త పాలసీ కాగితాలు వచ్చాయి. ఫ్యాక్టరీ గుర్తింపుకార్డు, బ్యాంకు పాస్‌బుక్కు ఉండే రేకుపెట్టెలో పెట్టబోతుంటే భార్య చెయ్యి చాపింది. ఆమెకు ఇంగ్లిషు రాదు. తన పేరెలా ఉంటుందో మాత్రం తెలుసు. కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, పైనుంచి కిందికి చూసుకుంటూ వచ్చి, రెండో పేరు దగ్గర వేలు పెట్టింది.

''ఉంది'' అన్నాడాయన.